మేనేజర్‌కు మెట్లదారి తెలియాలి

సంపాదకులకు నమస్కారం.

హోటల్ మేనేజర్ కావాలనుకునేవారికి మీ కెరీర్ పేజీలో ఇచ్చిన సలహాలు చదివాను. ఇంగ్లిష్ ధాటిగా రావాలి, చిరునవ్వు చెరగకూడదు, సీజన్‌ను బట్టి రూం రేటు మార్చడం తెలియాలి అన్నారు. కాదనను. ఇరవై ఎనిమిదేళ్లు ఫ్రంట్ ఆఫీసులో ఆ చిరునవ్వు మీదే ఇల్లు నడిపాను. కానీ నిప్పు గురించి అందులో ఒక్క ముక్క లేదు.

2020 ఆగస్టు 9 తెల్లవారుజామున విజయవాడలో, కొవిడ్ కేంద్రంగా మార్చిన హోటల్లో మంటలు రేగి పది మంది చనిపోయారు. 2022 సెప్టెంబర్ 12 రాత్రి సికింద్రాబాద్‌లో, లాడ్జి కింద ఉన్న ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూంలో నిప్పంటుకుంది. పొగ మెట్లదారిన పైగదులకు ఎక్కి ఎనిమిది మందిని మింగింది.

నా తప్పొకటి చెప్పుకోవాలి. నేను పనిచేసిన ఒక హోటల్లో ఫైర్ అలారం ఊరికే మోగుతోందని గెస్టులు విసుక్కుంటే, దాని నోరు నొక్కేసింది నేనే. నాలుగు నెలలు అలాగే ఉంది. అది కనిపెట్టి నన్ను కడిగేసింది మా మెయింటెనెన్స్ ఎలక్ట్రీషియన్, చదివింది పదో తరగతి. పొగ వస్తే ముందు ఏసీ బ్లోయర్లు ఆపాలనీ, లేకపోతే అవే గదిగదికీ పొగను మోస్తాయనీ ఆయన చెబితేనే తెలిసింది. ఏ గదిలో ఎందరున్నారో రాత్రి పది గంటలకల్లా కాగితం మీద ప్రింటు తీసి కౌంటర్లో పెట్టడం కూడా ఆయన మాటే. కరెంటు పోతే కంప్యూటరూ పోతుంది. ఫైరింజను వచ్చాక వాళ్లడిగేది ఆ లెక్కే.

రాత్రి డ్యూటీకి చాలా చోట్ల నిన్నగాక మొన్న చేరిన కుర్రాణ్ని కూర్చోబెడతారు. జీతం తక్కువ, నిద్రలేమి ఎక్కువ. మాస్టర్ కీ ఎక్కడుందో కూడా అతనికి చెప్పరు. ఫైర్ ఎన్ఓసీకి, అంటే అగ్నిమాపక శాఖ ఇచ్చే నిరభ్యంతర పత్రానికి, తనిఖీకి వచ్చే అధికారులు పైపులు, సిలిండర్లు చూసి వెళ్లిపోకుండా, ఆ కుర్రాణ్ని పిలిచి నాలుగు ప్రశ్నలు అడగాలి. జవాబు రాకపోతే యజమానికి గడువిచ్చి శిక్షణ ఇప్పించాలి. హోటల్ మేనేజ్‌మెంట్ కాలేజీలు కూడా కనీసం ఒక్క రాత్రి దీపాలార్పి, విద్యార్థుల చేత చీకట్లో మెట్లు దింపించాలి.

ఎక్కడ దిగినా నేను ముందు మెట్ల తలుపు తోసి చూస్తాను. మొన్న ఒక ఊళ్లో తోస్తే తెరుచుకోలేదు. వెనక పాత పరుపులు పేర్చారు. మేనేజర్‌ను అడిగితే చక్కటి ఇంగ్లిష్‌లో క్షమాపణ చెప్పాడు.

— ఒక విశ్రాంత హోటల్ ఉద్యోగి, సికింద్రాబాద్