నాన్నగారికి, ఫ్రెస్నో నుంచి

నాన్నగారికి నమస్కారాలు.

ఇక్కడ మేమంతా క్షేమం. అమ్మ మోకాళ్ళ నొప్పి కాస్త నెమ్మదించిందని తమ్ముడు చెప్పాడు. నేను పాఠాలు చెప్పే ఈ రెండేళ్ళ కాలేజీల సంగతేమిటని మొన్న ఫోన్‌లో మీరడిగిన దానికి తీరిగ్గా జవాబు రాద్దామని కూర్చున్నాను. "ఇంత చదివి, యూనివర్సిటీలో కాకుండా రెండేళ్ళ కాలేజీలో చెప్పడమేమిటి" అని పిన్ని వెనకనుంచి అనడం వినిపించింది లెండి. ఈ ఉత్తరం ఆవిడకి కూడా చదివి వినిపించండి.

పాలిటెక్నిక్‌లో లెక్కలు చెప్పి రిటైరయ్యారు కాబట్టి మీకు సులువుగానే అర్థమవుతుంది. మన దగ్గర డిప్లొమా అయినవాళ్ళు ఈసెట్ రాసి బీటెక్ రెండో ఏడులో చేరతారు. ఇక్కడ మాలాంటి కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి యూనివర్సిటీ మూడో ఏడులోకి వెళ్తారు. దీన్నే ట్రాన్స్‌ఫర్ అంటారు. 1960లో మా కాలిఫోర్నియా రాష్ట్రం పైచదువులకి మాస్టర్ ప్లాన్ అని ఒకటి పెట్టుకుంది. అందరికంటే మంచి మార్కులొచ్చినవాళ్ళు యూసీకి (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి), ఆ తర్వాతివాళ్ళు స్టేట్ యూనివర్సిటీకి, ఇంకెవరొచ్చినా కమ్యూనిటీ కాలేజీకి, అక్కడ బాగా చదివితే మళ్ళీ పైకి. ఇప్పుడు ఇలాంటి కాలేజీలు 116 ఉన్నాయి. ఎంట్రన్స్ పరీక్ష లేదు. ఫీజు యూనిట్‌కి (మన క్రెడిట్ లాంటిది) 46 డాలర్లు, అంటే ట్రాన్స్‌ఫర్‌కి కావలసిన 60 యూనిట్లకి 2,760. పేద పిల్లలకి అదీ మాఫీ.

కాగితం మీద ఎంత బాగుందో చూడండి. చిక్కంతా లోపలుంది. ఈసెట్‌కి ఒక పరీక్ష, ఒక ర్యాంకు, కౌన్సెలింగ్, అంతే. ఇక్కడ పరీక్ష లేదు గానీ, చదివిన ప్రతి కోర్సునీ అవతలి యూనివర్సిటీ తన కోర్సుకి సమానమని ఒప్పుకోవాలి. అసిస్ట్ అని ఒక వెబ్‌సైట్ ఉంది. ఏ కాలేజీలోని ఏ కోర్సు ఏ క్యాంపస్‌లో దేనికి చెల్లుతుందో అందులో చూసుకోవాలి. మెకానికల్‌కే యూసీ వాళ్ళ డేవిస్ క్యాంపస్‌లో ఒక జాబితా ఉంటే మరో క్యాంపస్‌లో ఇంకోటి. మూడు చోట్ల అప్లై చేద్దామనుకున్న పిల్లవాడు మూడు జాబితాలూ కలిపి చదవాలి. ఆరు యూసీ క్యాంపస్‌లు షరతులు నెరవేర్చినవాళ్ళకి సీటు గ్యారంటీ ఇస్తాయి. అందులో బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో లేవు. ఉన్నవాటిలో కూడా కొన్ని ఇంజనీరింగ్ బ్రాంచీలకి ఆ గ్యారంటీ వర్తించదు.

పైగా ఇంజనీరింగ్ కోర్సులన్నీ గొలుసు. కాల్‌క్యులస్ ఒకటి అవ్వందే ఫిజిక్స్ మొదలవదు, రెండు అవ్వందే మూడు లేదు, ఆ తర్వాత డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. మా కాలేజీలో ఒక టర్మ్‌లో మూడో ఫిజిక్స్ క్లాసుకి పిల్లలు చాలలేదని రద్దు చేశారు. ఆ ఒక్క కోర్సు కోసం మంచి మార్కులున్న ఒక అబ్బాయి ఏడాది ఆగాడు. వాళ్ళ నాన్న ద్రాక్షతోటల్లో కూలీ. ఈ అబ్బాయి రాత్రిళ్ళు పళ్ళ ప్యాకింగ్ షెడ్‌లో పనిచేసి పొద్దున నా క్లాసుకొస్తాడు. ఏడాది ఆగడమంటే వాళ్ళింట్లో ఏమిటో మీకు చెప్పక్కర్లేదు.

మా పిల్లల్లో ఎక్కువమంది ఇలాంటివాళ్ళే. మెక్సికో నుంచి వచ్చిన వ్యవసాయ కూలీల పిల్లలు, 1975 తర్వాత లావోస్ నుంచి శరణార్థులుగా వచ్చిన హ్మాంగ్ కుటుంబాల పిల్లలు. మీరు రోజూ నానబెట్టుకుని తినే కాలిఫోర్నియా బాదం మా ఫ్రెస్నో ఉన్న ఈ లోయలోనే పండుతుంది. ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి వీళ్ళే. రిజర్వేషన్లు లేవా అని మీరడుగుతారని తెలుసు. లేవు. ప్రభుత్వ యూనివర్సిటీ అడ్మిషన్లలో జాతి చూడకూడదని 1996లో ప్రజలే ఓటేసి చట్టం చేసుకున్నారు. అందుకని సాయమంతా ఆదాయం చూసి, ఇంట్లో మొదటి తరం చదువా అని చూసి చెయ్యాలి.

లెక్కలు, సైన్సు, ఇంజనీరింగ్‌లో ఇలాంటి పిల్లలకి ఊతమిచ్చే మెసా అనే పథకం ఒకటుంది. 1970లో ఓక్లండ్‌లోని ఒక హైస్కూల్లో మొదలై తర్వాత కమ్యూనిటీ కాలేజీలకీ వచ్చింది. అది నడిపేవాళ్ళు అడిగేది పెద్దగా ఏమీ లేదు, ఒక గది, బోర్డులు, ట్యూటర్లు, ఆ అసిస్ట్ జాబితాలు కంఠతా వచ్చిన కౌన్సెలర్ ఒకరు. నా సాయంత్రాలు ఎక్కువగా అలాంటి గదిలోనే గడుస్తాయి.

ఆ గది ఎందుకు పనిచేస్తుందో చెప్పే కథ మీకు నచ్చుతుంది. 1970ల్లో బర్క్‌లీలో యూరీ ట్రీస్‌మన్ అనే ఆయన, అప్పటికింకా రీసెర్చ్ స్టూడెంటే, కాల్‌క్యులస్‌లో నల్లజాతి పిల్లలు అంతమంది ఎందుకు తప్పుతున్నారని ఆరా తీశాడు. పట్టుదల లేదు, పునాది లేదు, ఇంట్లో పట్టించుకోరు అన్నారు తోటివాళ్ళు. ఆయన వెళ్ళి పిల్లలు చదువుకునే చోటే కూర్చుని గమనించాడు. నల్లజాతి పిల్లలు గంటల తరబడి ఒంటరిగా కుస్తీ పడుతున్నారు. చైనా మూలాల పిల్లలు ఎవరికివాళ్ళు లెక్కలు చేసుకుని, ఆ తర్వాత ఒకచోట చేరి ఒకరి జవాబు ఒకరు దిద్దుకుంటున్నారు. మన హాస్టళ్ళలో కంబైన్డ్ స్టడీ అంటాం చూడండి, అదే. ఆయన వర్క్‌షాపులు పెట్టాడు. వెనకబడ్డవాళ్ళకి రెమెడియల్ అనలేదు, ఆనర్స్ అన్నాడు, మామూలు క్లాసుకంటే కష్టమైన లెక్కలిచ్చి గుంపుగా కూర్చోబెట్టాడు. ఫలితాలు బాగా మెరుగయ్యాయి. సులువు లెక్కలిచ్చి జాలి చూపిస్తే పిల్లలకి ఇట్టే తెలిసిపోతుంది నాన్నగారూ, మీరూ ఎప్పుడూ అలా చేసేవారు కాదు.

ఇదివరకు కాలేజీలో చేరగానే ప్లేస్‌మెంట్ టెస్ట్ పెట్టి, తక్కువొస్తే హైస్కూల్ లెక్కల దగ్గర్నుంచి మళ్ళీ మొదలుపెట్టించేవారు. ఆ కోర్సులు ట్రాన్స్‌ఫర్‌కి చెల్లవు. చాలామంది అందులోనే విసిగి మానేసేవారు. 2017లో చట్టం తెచ్చి దాన్ని చాలావరకు ఆపారు. అది మంచి పని. 2022లో ఇంకో చట్టం వచ్చింది, సైన్సు, ఇంజనీరింగ్ పిల్లలని దాదాపు నేరుగా కాల్‌క్యులస్‌లో కూర్చోబెట్టమని. దీని మీద మా స్టాఫ్‌రూంలో రోజూ గొడవే. ట్రిగనామెట్రీ సరిగ్గా రానివాళ్ళకి కాల్‌క్యులస్‌తో పాటు అదనపు గంటలు గట్టిగా ఇవ్వకపోతే ఇది నిలబడదని నా అభిప్రాయం. ఆ గంటలకి డబ్బు అడిగితే మాత్రం అందరూ కిందికి చూస్తారు.

డబ్బంటే గుర్తొచ్చింది, తమ్ముడికి చెప్పండి. వాడి హెచ్-1బి వీసాకి కంపెనీ 1,500 డాలర్ల శిక్షణ ఫీజు కట్టింది కదా, 1998 నాటి చట్టం పుణ్యమా అని వచ్చిన ఫీజు అది. అందులో 30 శాతం స్కాలర్‌షిప్పుల కోసం నేషనల్ సైన్స్ ఫౌండేషన్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థకి వెళ్తుంది. అక్కడ ఎస్-స్టెమ్ పేరుతో ఇలాంటి పేద పిల్లలకి స్కాలర్‌షిప్పులవుతుంది. మనవాళ్ళ పేరున కంపెనీలు కట్టిన డబ్బులో కొంత ఈ తోటల పిల్లల పుస్తకాలకీ పెట్రోలుకీ వస్తోందన్నమాట. ఈ దేశంలో ఉండడానికి కాగితాలు లేని పిల్లలకి మాత్రం అది రాదు. రాష్ట్రం వాళ్ళకి లోకల్ ఫీజే తీసుకుంటుంది, వేరే సాయమూ చేస్తుంది గానీ, క్లాసులో ఇద్దరు పక్కపక్కన కూర్చుని ఒకే మార్కులు తెచ్చుకుంటే ఒకరికే చెక్కు రావడం నాకు మింగుడుపడదు.

ఒక సాయం చెయ్యండి. డిప్లొమా మొదటి ఏడు పిల్లలకి మీరు ట్రిగనామెట్రీలో వరసగా కష్టం పెంచుకుంటూ లెక్కలిచ్చేవారు, ఆ నోటుబుక్కులు అటక మీదే ఉండాలి. తమ్ముడి కొడుకుతో ఫోటోలు తీయించి పంపండి. మా ట్యూటర్లకి ఇస్తాను. యూసీ అప్లికేషన్ల గడువు నవంబరు నెలాఖరుకి, ఆ హడావిడి అయ్యాకే టికెట్లు తీసుకుంటాం. అమ్మని మెట్లెక్కొద్దని చెప్పండి.

మీ
పెద్దమ్మాయి