పెట్టెల వెంట బిల్లు కూడా వెళ్లింది

సంపాదకుడు గారికి,

పారీస్ కార్నర్ దగ్గర ఒక క్లియరింగ్ ఏజెంట్ ఆఫీసులో ముప్పై ఒక్క ఏళ్లు గుమాస్తాగా చేసి రిటైరైనవాణ్ణి. రాజాజీ సాలైలోని కస్టమ్స్ హౌస్ మెట్లు ఎన్నిసార్లు ఎక్కి దిగానో లెక్కలేదు. అందుకే కాబోలు, మా పేట సేవా క్లబ్బువాళ్లు శ్రీలంకలో ఒక అనాథాశ్రమానికి సామాన్లు పంపాలనుకోగానే కాగితాల పని నా నెత్తిన పెట్టారు.

సామాన్లు పోగవడానికి రెండు ఆదివారాలు చాలాయి. పెరంబూరు, విల్లివాక్కం, కొళత్తూరు నుంచి ఆటోల్లో వచ్చాయి. షావుకారుపేట బట్టల వ్యాపారి ఒకాయన కొత్త తువ్వాళ్లు రెండు కట్టలు ఇచ్చారు. అవి నిజంగా మంచివి. మిగతావి విప్పితే మన పిల్లలకు పొట్టయిపోయిన మెరూన్ పినాఫోర్లు, ఖాకీ నిక్కర్లు. శ్రీలంకలో బడిపిల్లల యూనిఫాం ఎక్కువగా తెలుపే, ఆ గుడ్డ అక్కడి ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. సగం రాసేసిన నోటుబుక్కులు. మూడు నెలల్లో ఎక్స్‌పైరీ అయ్యే దగ్గుమందు. దానమిచ్చే మందులకు అవి చేరేనాటికి కనీసం ఏడాది గడువుండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పుడో చెప్పింది. ఆ సీసాలు పక్కన పెడితే "ఇచ్చినవాళ్లు నొచ్చుకుంటారండీ" అన్నారొకరు. పుచ్చుకునేవాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. 2004 సునామీ తర్వాత నాగపట్నం వైపు రోడ్ల పక్కన గుట్టలుగా పడున్న పాత బట్టలు గుర్తొచ్చాయి నాకు. జాలర్లు వాటిని ముట్టుకోలేదు.

అసలు చిక్కు సరుకు ఓడెక్కాక వచ్చింది. కంటైనర్ నిండా సరుకు లేనివాళ్లు మరొకరి సరుకుతో కలిపి పంపుతారు, దాన్ని ఎల్‌సీఎల్ అంటాం. బరువు, పరిమాణం రెండిట్లో ఏది ఎక్కువ వస్తే దానికి కిరాయి. బట్టలు తేలికే గానీ చోటు తింటాయి. అయినా చెన్నై నుంచి కొలంబోకు ఓడ కిరాయి పెద్దదేం కాదు. దెబ్బంతా అవతలి రేవులోనే: డెలివరీ ఆర్డరు, గోడౌను, కస్టమ్స్, ఏజెంటు ఫీజు, సరుకు విడిపించడం ఆలస్యమైతే పడే డెమరేజ్ రుసుము, ఆపైన లారీ. సరుకు ఎవరి పేరున వెళ్తే వాళ్ల మెడకే ఇవన్నీ. మా పెట్టెలు ఆశ్రమం పేరున వెళ్లాయి. సుంకం మినహాయింపు కోసం ముందుగా కాగితాలు పెట్టుకోమని వాళ్లకు మేం చెప్పనే లేదు. నాకు తెలుసు. కానీ అప్పటికే ఫ్లెక్సీ కట్టేశారు, జెండా ఊపడానికి పెద్దమనిషిని పిలిచేశారు. నోరు మూసుకున్నాను.

మూడు వారాలకు ఆశ్రమం వార్డెన్ ఫోన్ చేసింది. "అయ్యా, పెట్టెలు విడిపించడానికి వీళ్లడిగే డబ్బుతో మా పిల్లలకు నెల్లాళ్ల కూరగాయలు వస్తాయి. ఏం చేయమంటారు?" చివరికి మేం నలుగురం చందా వేసుకుని కట్టాం. అప్పుడడిగాను, "మీకేం కావాలమ్మా?" అని. నీళ్ల ట్యాంకుకు కొత్త మోటారు, దోమతెరలు, పెద్దాడపిల్లలకు శానిటరీ ప్యాడ్లు, రాత్రి కాపలా మనిషి జీతం. ఓడ ఎక్కించాల్సింది ఒక్కటీ లేదు, అన్నీ అక్కడే దొరికేవి.

2022 మే 18న ఇదే చెన్నై రేవు నుంచి తమిళనాడు ప్రభుత్వం బియ్యం, పాలపొడి, మందులు ఓడలో శ్రీలంకకు పంపలేదా అని మా అధ్యక్షులవారు అడిగారు. పంపింది. ఆ మొదటి ఓడలోనే 9,000 టన్నుల బియ్యం. కేంద్రం అనుమతితో, అక్కడి ప్రభుత్వానికి అప్పగించేలా ముందే మాట్లాడుకుని పంపిన సరుకది. మేం ఆశ్రమానికి ఒక్క ఫోనైనా చేయలేదు.

డబ్బు పంపడం మరీ తేలికని అనను. ట్రస్టు సొమ్ము దేశం బయట ఖర్చు పెడితే, సీబీడీటీ (కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు) అనుమతి లేకపోతే ఆ మేరకు పన్ను మినహాయింపు పోతుంది. కానీ సభ్యులు ఎవరికి వారు సొంత డబ్బు బ్యాంకు ద్వారా, వ్యక్తులు విదేశాలకు డబ్బు పంపుకోవడానికి రిజర్వు బ్యాంకు పెట్టిన ఎల్‌ఆర్‌ఎస్ పథకం కింద పంపుకోవచ్చు. చాలా సేవా క్లబ్బులకు కొలంబోలో సోదర క్లబ్బులున్నాయి. కొనేదేదో వాళ్లనే అక్కడ కొనమనొచ్చు.

మీ చెన్నై పేజీలో ఇలా జెండా ఊపే ఫోటోలు తరచూ చూస్తుంటాను. వేయండి, వద్దనను. రెండు నెలలాగి, ఆ పెట్టెలు చేరాయా, విడిపించిన బిల్లు ఎవరు కట్టారు అని ఒక్క ఫోన్ చేసి, అదీ వేయండి. మా క్లబ్బు ఫోటో కూడా మీరు వేశారు. వార్డెనమ్మ నంబరు నా దగ్గరుంది, ఆవిణ్ణి అడిగి ఇస్తాను.

ఇట్లు,
ఒక పాఠకుడు,
పెరంబూరు, చెన్నై