ఇంటర్వ్యూలకు వెళ్తున్న సభ్యులకు

సభ్యులందరికీ నమస్కారం. ‘మీ గురించి చెప్పండి’ అనగానే సొంత ఊరు, తండ్రిగారి ఉద్యోగం, అభిరుచులు వరుసగా అప్పజెప్పడం మనలో చాలామందికి అలవాటు. దానికి బదులు, ఒక ప్రాజెక్టులో ఎదురైన చిక్కేమిటో, అందులో బృందం చేసిన పని ఎంతో, మీరు స్వయంగా చేసినదేమిటో, చివరికి వచ్చిన ఫలితమేమిటో రెండు నిమిషాల్లో వివరించగలిగితే, తర్వాతి ప్రశ్నలు చాలావరకు మీకు పట్టున్న విషయం మీదికే వస్తాయి. తెలుగు మాధ్యమంలో చదివినవారు ఇంగ్లీషు గురించి బెంగపెట్టుకోవద్దని నా మనవి, చిన్న వాక్యాల్లో నిదానంగా చెప్పినా చాలు. ఇప్పటికే ఉద్యోగంలో ఉండి నోటీసు పీరియడ్ (రాజీనామా ఇచ్చాక అక్కడే పనిచేయాల్సిన గడువు) 90 రోజులైతే, ఆ మాట హెచ్‌ఆర్‌తో మొదటి ఫోన్‌కాల్‌లోనే చెప్పండి; ఆఫర్ చేతికొచ్చాక చెబితే చేరే తేదీ దగ్గర పేచీ వస్తుంది. ఇంటర్వ్యూ ముగిసిన రోజే ధన్యవాదాలు తెలుపుతూ క్లుప్తంగా ఒక మెయిల్ పంపండి. మాక్ ఇంటర్వ్యూ (సాధన కోసం చేసే నమూనా ఇంటర్వ్యూ) కావలసినవారు మొహమాటపడకుండా ఇక్కడే అడగండి.