తప్పు జవాబుకు నవ్వు

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈసారి మార్కుల సంగతి పక్కనపెట్టి, తరగతిలో వినిపించే ఒక నవ్వు గురించి రాస్తున్నాను. ఎవరైనా తప్పు జవాబు చెబితే మిగతావాళ్లు నవ్వుతారు. నవ్వమని వాళ్లకు ఎవరూ నేర్పలేదు. అయినా కొత్తగా చేరిన పిల్లలు కొద్ది వారాల్లోనే ఆ నవ్వులో కలుస్తారు, ఇంకొన్నాళ్లకు చెయ్యెత్తడం మానేస్తారు. నన్ను బాధపెట్టేది అదే.

బడిలో పిల్లలు ఏటా మారుతూనే ఉంటారు. మరి ఈ అలవాటు ఎలా మిగులుతోంది?

1961లో జేకబ్స్, క్యాంప్‌బెల్ అనే ఇద్దరు పరిశోధకులు ఇలాంటి విషయాన్నే పరీక్షించి చూశారు. చీకటి గదిలో కదలని వెలుగు చుక్క కూడా కదులుతున్నట్టే కనిపిస్తుంది. అది ఎంత దూరం కదిలిందో చెప్పమన్నారు. పరిశోధకులు ముందే మాట్లాడి పెట్టుకున్న మనుషులు కావాలనే బాగా ఎక్కువ చేసి చెప్పారు. విషయం తెలియక పక్కన కూర్చున్నవాళ్లూ అటే మొగ్గారు. తర్వాత పాతవాళ్లను ఒక్కొక్కరినే పంపేసి, కొత్తవాళ్లను కూర్చోబెడుతూ పోయారు. మొదట అబద్ధం చెప్పినవాళ్లు ఒక్కరూ మిగలకపోయినా ఆ పెద్ద అంకె కొన్ని విడతల దాకా నిలిచింది. అయితే కొంచెం కొంచెంగా తగ్గుతూ వచ్చింది. వచ్చినవాళ్లు పక్కవాళ్ల మాటతో పాటు తమ కళ్లనూ కొంత నమ్మారు మరి. నా ఆశంతా ఆ తగ్గుదల మీదే.

పిల్లల శక్తిని మనం తక్కువగా అంచనా వేస్తాం. మధ్య అమెరికాలోని నికరాగ్వా దేశంలో 1970ల చివర, 1980లలో వినికిడి లేని పిల్లలను బడిలో ఒకచోట చేర్చారు. టీచర్లు స్పానిష్ నేర్పాలని తంటాలు పడుతుంటే, పిల్లలు తమ ఇళ్లలో వాడుకునే సైగలు కలుపుకుని తమలో తామే కొత్త సైగల భాష తయారు చేసుకున్నారు. తర్వాత చేరిన చిన్నవాళ్లు దానికి ఇంకా పక్కా వ్యాకరణం తెచ్చారు.

అందుకే నవ్వొద్దని గోడకు నోటీసు అంటించలేదు. జవాబు తప్పయితే "అలా ఎందుకనుకున్నావు?" అని టీచర్లు అడుగుతున్నారు. కొన్ని తరగతుల్లో పిల్లలే ఒకరినొకరు అలా అడగడం ఇప్పుడు వింటున్నాను. ఇంట్లో మీరూ అదే మాట అడగండి. అందరూ నవ్వినా తాను నవ్వలేదని మీ బిడ్డ ఏ రోజైనా చెబితే, ఆ సంగతి మాకూ తెలియజేయండి. ఆ వయసులో అలా ఉండటం చాలా కష్టం.

మీ,
ప్రధానోపాధ్యాయురాలు