నిమ్మగడ్డి నూనె: ఈ నెల స్టాక్ ఎందుకు తక్కువ, ధర ఎందుకు ఎక్కువ

మా దగ్గర నిమ్మగడ్డి నూనె కొనేవాళ్లందరికీ నమస్కారం.

ఈ నెల నూనె తక్కువ దిగింది. పెద్ద సీసాలు ఆపేసి 100 మిల్లీలీటర్లవే పంపుతున్నాం. ధర కూడా కొంచెం పెంచాల్సి వచ్చింది. వానలు బాగా పడ్డాయి, గడ్డి ఏపుగా ఉంది కదా అంటున్నారు. చిక్కంతా ఆ వానలతోనే.

ముసురు పట్టినప్పుడు ఆకులో నీరే ఎక్కువ. ఎండాకాలంలో కోస్తే టన్ను పచ్చగడ్డికి మాకు 7 కిలోల దాకా నూనె వస్తుంది. ఇప్పుడు 4 కిలోలు రావడమే గగనం. మామూలుగా కోసిన గడ్డిని ఒక రోజు నీడలో వడలనిస్తాం. నీరు తగ్గి, ఆకుకి ఆవిరి పట్టించి నూనె తీసే డ్రమ్ములో ఎక్కువ ఆకు పడుతుంది, కట్టెలూ కలిసొస్తాయి. ఈ తేమలో షెడ్డులో పరిచినా వడలడం లేదు. కుప్పగా ఉంచితే వేడెక్కి ముక్కిపోతుంది, ఆ వాసన నూనెకి పట్టుకుంటుంది. అందుకని తడిగడ్డినే డ్రమ్ముకి ఎక్కిస్తున్నాం. అది ముద్దకడితే ఆవిరి సందు దొరికిన చోటి నుంచే పైకి పోతుంది, మిగతా ఆకులో నూనె అలాగే ఉండిపోతుంది. చిన్న ముక్కలుగా కోసి, వదులుగా సర్దుతున్నాం. పని రెట్టింపయింది.

"ఇంకాసేపు ఆవిరి పట్టించొచ్చుగా" అని ఒకాయన సలహా. నూనెలో చాలా భాగం మొదటి గంటన్నరలోనే దిగుతుంది. రెండున్నర గంటలు దాటాక వచ్చే నాలుగు చుక్కలు కట్టెల ఖర్చుకి కూడా చాలవు. అంతకంటే, డ్రమ్ములోంచి వచ్చే ఆవిరిని చల్లార్చి ద్రవంగా మార్చే కండెన్సర్‌ని చల్లగా ఉంచుకోవడం మేలు. అది వేడెక్కితే నూనె ఆవిరిగానే పోతుంది. షెడ్డంతా ఘుమఘుమలాడుతుంటే వచ్చినవాళ్లు మెచ్చుకుంటారు, నాకేమో టెన్షన్. గాల్లో పోతున్నది మా నూనే కదా!

వేరే నూనె కలిపి సీసాలు నింపే దారీ ఉంది. మేం ఆ పని చెయ్యం. అనుమానముంటే తెల్లకాగితం మీద ఒక చుక్క వేసి మర్నాడు చూడండి. కొబ్బరినూనె లాంటిది కలిస్తే జిడ్డు మరక మిగులుతుంది.

లీటరు సీసా కాటా మీద పెడితే కిలో తూగలేదని ఆమధ్య ఒకరు కోప్పడ్డారు. ఈ నూనె నీటి మీద తేలుతుందండీ, లీటరు సుమారు 890 గ్రాములే ఉంటుంది.

ముందే డబ్బు కట్టినవాళ్లకు పాత ధరే. పెద్ద సీసా కోసం కట్టినవాళ్లకు వానలు తెరిపిచ్చాక మొదటి బ్యాచ్‌లోంచి పంపిస్తాం. అంతవరకూ ఆగలేమంటే చెప్పండి, డబ్బు వెనక్కి వేస్తాం.