మన ప్రార్థన సహవాసం వార్షిక నివేదిక: ఈ ఏడాది విడుదల కూడికల గురించి

సభ్యులందరికీ ప్రభువు నామంలో వందనాలు. కార్యదర్శిగా ఇది నా మూడో రిపోర్టు. పోయిన రెండుసార్లు ఎన్ని కూడికలు, ఎన్ని ఉపవాస ప్రార్థనలు అని లిస్టు చదివేసి కూర్చున్నాను, ఈసారి అలా కుదరదు ఎందుకంటే ఏడాదిలో సగం ఒక్క విషయం మీదే గడిచిపోయింది, అదేంటో మీకందరికీ తెలుసు.

మామూలు పనులు గబగబా చెప్పేస్తా. శుక్రవారం కూడికలు వానల్లో రెండుసార్లు తప్ప ఆగలేదు. సెమీ క్రిస్మస్ బాగా జరిగింది, పప్పుచారు చాల్లేదు, దానికి క్షమించాలి. షామియానా బాకీ తీరిపోయింది. లెక్కల పుస్తకం ట్రెజరర్ అక్కయ్య దగ్గర ఉంది, ఎవరైనా అడిగి చూసుకోవచ్చు.

ఇక అసలు సంగతి. ఎండాకాలం మూడు రాత్రులు, దయ్యాలు వదిలిపోవాలని ప్రార్థించే విడుదల కూడికలు పెట్టాం కదా, రెండో రాత్రి ఒక అమ్మాయిని వాళ్లమ్మ తీసుకొచ్చింది, పేరు ఎందుకు లెండి. జుట్టు విరబోసుకుని ఊగిపోతా ఉంది. మనవాళ్లు చుట్టూ మూగి వదిలిపో వదిలిపో అని కేకలు, ఒకాయన తల గట్టిగా పట్టుకున్నాడు, కీబోర్డు వాయిస్తానే ఉన్నారు, నీ పేరేంటి ఎవరు పంపారు అని అడుగుతుంటే జవాబు అందరికీ వినపడాలని మైక్ ఆ పిల్ల నోటి దగ్గర పెట్టింది నేనే. అప్పటికే ఫోన్లు లేచాయి. పాస్టరు అయ్యగారు వెనకనుంచి వచ్చి ఏం మాట్లాడకుండా యాంప్లిఫయర్ స్విచ్ ఆపేసారు. జనరేటర్ చప్పుడు ఒక్కటే మిగిలింది. "పాప ఏమన్నా తిందా అమ్మా" అని అడిగారు. పొద్దుటినుంచి పచ్చి మంచినీళ్లు కూడా లేవంట, ఉపవాసం ఉంచారు. గ్లాసుడు మజ్జిగ తాగించాక వాళ్లమ్మ మెల్లగా బయటపెట్టింది, మాత్రలు ఆపి పన్నెండు రోజులైందని, ఎక్కడో వేరే కూడికలో మాత్ర మింగితే విశ్వాసం లేనట్టే అని చెప్పారని.

అయ్యగారు ఆ రాత్రి ప్రార్థన చేసారు, రెండు నిమిషాలు, కేకల్లేవు. పొద్దున్నే ఇద్దరు అక్కయ్యలు తోడెళ్లి డాక్టర్ దగ్గర చూపించారు, మాత్రలు మళ్లీ మొదలుపెట్టారు. మూడో రాత్రి కూడిక కేన్సిల్ చేసాం, దాని మీద కొందరికి ఇప్పటికీ కోపమే.

అప్పుడు మొదలైంది శుక్రవారం బైబిల్ స్టడీ. మార్కు 1వ అధ్యాయంలోనే నాకు దెబ్బ తగిలింది, కపెర్నహూములో యేసు ప్రభువు దయ్యాల్ని వెళ్లగొట్టాడు గానీ వాటిని మాట్లాడనివ్వలేదు, నోరు మూయించాడు. మనం ఏం చేసాం, మైక్ ఇచ్చాం. ఒక తమ్ముడు ఊరుకోలేదు, మరి 5వ అధ్యాయంలో పేరు అడిగాడు కదా, సేన అని చెప్పింది కదా అన్నాడు. నిజమే, ఒక్క ప్రశ్న అడిగాడు, ఇంటర్వ్యూ చెయ్యలేదు. దయ్యాలు నిజం చెప్పినా మనకి అక్కర్లేదు అనేదానికి అపొస్తలుల కార్యములు 16 చూసాం. ఫిలిప్పీలో సోదె చెప్పే దాసీపిల్ల పౌలు వెనకాలే తిరుగుతూ వీళ్లు సర్వోన్నతుడైన దేవుని దాసులు, మీకు రక్షణ మార్గం చెప్తున్నారు అని రోజూ అరిచేది. ఫ్రీ పబ్లిసిటీ, అందులో ఒక్క ముక్క అబద్ధం లేదు, అయినా పౌలుకి విసుగొచ్చి దయ్యాన్ని వెళ్లగొట్టాడు, ఆ పిల్ల మీద సంపాదిస్తున్న యజమానులు పౌలుని, తోడున్న సీలని కొట్టించి జైల్లో వేయించారు. అదే అధ్యాయంలో అదే రాత్రి జైలు నాయకుడు వణుక్కుంటూ రక్షణ పొందాలంటే ఏం చెయ్యాలి అని అడిగాడు, ఆయనకి దయ్యం లేదు, ఉద్యోగం ఉంది, ఇల్లుంది, అయినా అడిగాడు. ప్రభువైన యేసు నందు విశ్వాసముంచు అన్నదే జవాబు.

అయ్యగారు గ్రీకు మాట ఒకటి చెప్పారు, సోజో అని. జైలు నాయకుడు అడిగిన రక్షణకి అదే మాట, లూకా 8లో సేన అనే దయ్యాలు పట్టిన గెరాసేనుల ఊరివాడు ఎలా బాగయ్యాడో చెప్పే చోట కూడా అదే మాటంట. అంటే విడుదల ఒక డిపార్ట్‌మెంటు, రక్షణ ఇంకో డిపార్ట్‌మెంటు కాదు. మనం మాత్రం మొదటిదానికి షామియానా వేసి రెండోది మర్చిపోయాం. మత్తయి 12లో ఊడ్చి అలంకరించి ఖాళీగా వదిలేసిన ఇంట్లోకి, వెళ్లిపోయిన దయ్యమే ఇంకో ఏడు దయ్యాల్ని వెంటబెట్టుకుని వచ్చే సంగతి మనకోసం రాసినట్టే ఉంది.

ఒంగోలు వైపు నుంచి వచ్చిన పెద్దాయన ఒకరు స్టడీలో అక్కడ పనిచేసిన అమెరికన్ మిషనరీ క్లౌ దొర సంగతి గుర్తు చేసారు. 1876-78 కరువులో జనం బకింగ్‌హామ్ కాలవ పనికి ఆయన దగ్గరకి వచ్చేవాళ్లు, కూలి కోసం బాప్తిస్మం తీసుకుంటారేమో అని కరువు ఉన్నన్నాళ్లు బాప్తిస్మాలు ఆపేసాడు. తర్వాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్క రోజే 2,222 మంది తీసుకున్నారు. ఆపడం తెలిసినవాడు అని ఆయన అంటుంటే నేను తలొంచుకున్నాను.

కమిటీ నిర్ణయాలు: దయ్యం ఉందా జబ్బా అని మనం తీర్పు చెప్పం, ప్రార్థనా చేస్తాం డాక్టరునీ చూడమంటాం. మాత్రలు ఆపమని ఎవరూ అనకూడదు. కొట్టడం, జుట్టు లాగడం, వీడియో తియ్యడం లేదు. ఆడవాళ్లకి ఆడవాళ్లే పక్కన ఉంటారు. అన్ని రోగాలకూ గ్యారంటీ అని కరపత్రంలో వెయ్యబోతే మన లాయరు అన్నయ్య 1954 నాటి చట్టం ఒకటి ఉంది, మంత్రంతో తాయత్తుతో రోగం నయం చేస్తామని ప్రకటిస్తే కేసు అవుతుంది, మనకెందుకొచ్చిన గొడవ అని కొట్టేయించారు. మనసు బాగోలేనివాళ్లకి సాయం చేసే ప్రభుత్వ ఫోన్ లైను టెలీ మానస్ నంబరు 14416, ఫోన్ ఉచితం, నోటీసు బోర్డు మీద రాయించాం.

దాచడం దేనికి, కూడికలకి జనం తగ్గారు. అద్భుతాలు లేకపోతే ఎవరొస్తారు అని మొహం మీదే అన్నారు. నాక్కూడా ఖాళీ చాపలు చూస్తే బాధగానే ఉంటుంది.

ఆ అమ్మాయి నెల తర్వాత ఆదివారం వచ్చింది, జడ వేసుకుని, మల్లెపూలు పెట్టుకుని మూడో వరసలో వాళ్లమ్మ పక్కన కూర్చుంది. అటు ఇటు రెండు చాపలు ఖాళీగా వదిలేసి కూర్చున్నారు మనవాళ్లు. బాగైపోయినవాడు బట్టలు కట్టుకుని బుద్ధిగా కూర్చుంటే గెరాసేనులు భయపడ్డారని చదువుకున్నాం కదా, ఆ దయ్యాలు దూరి వాళ్ల పందులు చచ్చిపోయినందుకే అనుకున్నా ఇన్నాళ్లు. మూడో వారం ట్రెజరర్ అక్కయ్యే లేచెళ్లి ఆ పిల్ల పక్కన కూర్చుని పాటల పుస్తకం చేతికిచ్చింది. ఇప్పుడు ఆదివారం పిల్లలకి పాటలు తనే నేర్పిస్తోంది.

వచ్చే శుక్రవారం, యేసు పేరు వాడి దయ్యాన్ని వెళ్లగొట్టబోయి దెబ్బలు తిన్న స్కెవ కొడుకులు ఏడుగురి సంగతి, కార్యములు 19, బైబిళ్లు తెచ్చుకోండి, ఫోన్లో చూస్తాం అంటే మళ్లీ వాట్సాప్ తెరుస్తున్నారు. మైక్ బీరువా తాళంచెవి ఇప్పుడు నా దగ్గర లేదు, అక్కయ్య దగ్గర ఉంది, కావాల్సినవాళ్లు ఆవిడనే అడగండి.