కంప్యూటర్ల గదికి తాళం ఎందుకు పడింది

ఎడిటర్ గారికి నమస్కారం.

నేను సంగారెడ్డి జిల్లాలో జెడ్పీ హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైన టీచర్‌ని. ఫలానా కంపెనీ బడికి బెంచీలు ఇచ్చింది, కంప్యూటర్లు ఇచ్చింది అని పేపర్లో ఫోటోలతో వార్తలు వస్తుంటాయి కదా, అవి చూస్తే నాకు సంతోషమే, ఇచ్చే చేతిని తప్పు పట్టను. కానీ ఆ ఫోటో తర్వాత ఏమైందో ఎవరూ రాయట్లేదని ఈ ఉత్తరం.

నేను పనిచేసిన బడికి ఒక కంపెనీ పది కంప్యూటర్లు, నీళ్లు శుద్ధి చేసే ఒక ఆర్వో ప్లాంటు ఇచ్చింది. మొదటి ఏడాది పిల్లలు ఇంటర్వెల్‌లో కూడా ఆ గది వదిలేవాళ్లు కాదు. రెండో ఏడాదికి యూపీఎస్ బ్యాటరీలు పోయాయి, కంప్యూటర్ చెప్పే మనిషైతే మొదట్నుంచీ లేడు, నేనూ సైన్స్ సారూ మాకు తెలిసినంత చెప్పేవాళ్లం. కంపెనీకి ఫోన్ చేస్తే ఆ ప్రాజెక్ట్ క్లోజ్ అయింది సార్, ఈ ఏడాది వేరే మండలం అన్నారు. స్టాక్ రిజిస్టర్లో ఎక్కిన సామాను పోతే హెడ్మాస్టర్ మెడకు చుట్టుకుంటుంది కాబట్టి గదికి తాళం పడింది. ఆర్వో ఫిల్టర్లు మార్చే దిక్కు లేక పిల్లలు మళ్లీ ఇంటి నుంచి సీసాలు తెచ్చుకున్నారు. 101 నుంచి 250 మంది ఉన్న బడికి వచ్చే స్కూల్ గ్రాంట్ ఏడాదికి 50 వేలు, చాక్‌పీసులు, రిజిస్టర్లు, చిన్న రిపేర్లు అన్నీ అందులోనే, ఇంక ఇవన్నీ ఎక్కడ సరిపోతాయి చెప్పండి.

ఇది మా ఒక్క బడి గోడు కాదు. ప్రభుత్వ రంగ సంస్థలు దేశమంతా బడుల్లో కట్టిన మరుగుదొడ్లను ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ వాళ్లు శాంపిల్‌గా 2,695 తీసుకుని చూస్తే, కట్టామని చెప్పినవాటిలో 200 అసలు లేనే లేవు, కట్టినవాటిలో 72 శాతానికి లోపల నీళ్ల సౌకర్యం లేదు. 2020లో పార్లమెంటు ముందు పెట్టిన రిపోర్టు అది. నీళ్లు లేని దొడ్డికి ఆడపిల్ల ఎట్లా వెళ్తుంది?

2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం లాభం ఏడాదికి 5 కోట్లున్నా, టర్నోవర్ 1000 కోట్లున్నా, అప్పులు పోను మిగిలే ఆస్తి, అంటే నెట్‌వర్త్, 500 కోట్లున్నా గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సీఎస్ఆర్‌కి, అంటే సమాజానికి పనికొచ్చే పనులకి ఖర్చు పెట్టాలి, తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలి. చాలామందికి తెలియని మాట ఇంకోటి ఉంది, మొదలుపెట్టిన ఏడాది కాకుండా ఇంకో మూడేళ్ల వరకూ ఒకే ప్రాజెక్టు నడపడానికి రూల్స్ ఒప్పుకుంటాయి. అంటే ఒక్కసారి సామాను దించేసి వెళ్లిపోవాల్సిన అవసరం చట్టం వల్ల రాలేదు.

మా వైపు బడులకు కావాల్సింది మనుషులండి. పటాన్‌చెరు, బొల్లారం ఫ్యాక్టరీల్లో పనికి ఒడిశా, బిహార్ నుంచి వచ్చిన కుటుంబాల పిల్లలు మా క్లాసుల్లో కూర్చుంటారు, పాఠం సగం అర్థం కాక బిక్కమొహం వేసుకుని చూస్తుంటారు, ఏడో క్లాసు పిల్లాడు భాగహారం వచ్చీ లెక్కలో ప్రశ్న చదవలేక తప్పిపోతుంటే నా కడుపు తరుక్కుపోయేది. వాళ్ల భాష వచ్చిన ఒక విద్యా వాలంటీర్‌కి మూడేళ్లు జీతం ఇస్తే చాలు. టెన్త్ పిల్లలు సాయంత్రం స్పెషల్ క్లాసులో ఆకలితో కూర్చుంటారు, మధ్యాహ్నం తిన్న అన్నం ఎంతసేపు ఆగుతుంది, 60 మందికి తలా 15 రూపాయల స్నాక్స్ 40 రోజులు పెడితే 36 వేలు. మేం టీచర్లమే చందాలేసుకుని చాలాసార్లు పెట్టాం.

కంపెనీల వాళ్లకి నా మనవి ఒకటే, ఏదైనా ఇచ్చేముందు హెడ్మాస్టర్‌ని, పిల్లల తల్లుల్ని కూర్చోబెట్టి అడగండి, ఇచ్చినదాన్ని మూడేళ్లు నడిపే ఖర్చు కూడా రాసి సంతకం పెట్టండి. మీ పేపర్‌కి కూడా ఒక మనవి, ఫోటో వేసిన బడికి సరిగ్గా ఏడాది తర్వాత మీ విలేకరిని మళ్లీ పంపించి ఆ గది తలుపు తీసి ఉందో లేదో చూసి రాయండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ లెక్కల టీచర్, సంగారెడ్డి జిల్లా